గ్రంథాలయము: నాటుట, నీరు పోయుట
(సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మన వార్షిక మహాసభలో గ్రంథాలయములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. ఇందులకు మేము కృతజ్ఞులము. ఈ సభలో కొబ్బరితోటల రైతులు కలరు, జీడిపప్పు వర్తకులు కలరు, ఉపాధ్యాయులు కలరు, దూరప్రాంతములలో ఉద్యోగములు చేయుచు ఈ రెండు దినములకొఱకే సెలవు పెట్టి వచ్చిన యువకులును కలరు. విద్యార్థివేతనములు, వివాహసంబంధములు, కల్యాణమండప నిర్మాణము మొదలగు విషయములు చర్చకు రావలసియుండగా నడుమ ఈ పుస్తకముల ముచ్చట యేలయని కొందఱకు తోచవచ్చును. పుస్తకప్రియులకు పుస్తకము తప్ప వేఱులోకము లేదని నవ్వుకొనువారును ఉందురు. ఆ నవ్వును మేము సంతోషముతోనే స్వీకరింతుము. కాని కల్యాణమండపము మన పిల్లల పెండ్లినాడు మాత్రమే మనకు పనికివచ్చును. గ్రంథాలయము ఆ పెండ్లికి ముందును, తరువాతను గూడ పనికివచ్చును. కనుక ఈ విషయమును ఒక్క అరగంట సావధానముగా వినవలసినదని ప్రార్థించుచున్నాము.

ఉద్దానమను పేరు ఉద్యానవనమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇసుకనేలలో కొబ్బరియు, జీడిమామిడియు, పనసయు, మునగయు పెంచి ఈ సముద్రతీరమును తోటగా మార్చినవారు మన పూర్వులు. కొబ్బరిమొక్క నాటినవాడు మఱునాడే కాయ దింపుకొనడు. నాటుకొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. అన్నియేండ్లును నీరు పోయవలెను; కంచె కట్టవలెను; పశువులు మేయకుండ కాచుకొనవలెను. మొక్క నాటిననాడు పదిమంది వచ్చి నిలుచుందురు. నీరు పోయునాడు ఒక్కడే యుండును. గ్రంథాలయమును గూర్చి మేము చెప్పదలచినదంతయు ఈ మాటలోనే యున్నది. స్థాపించుట యొక యెత్తు. నిలుపుట యొక యెత్తు. మన ప్రాంతమున మొదటిపనికి దాతలు కొఱవడలేదు. రెండవపనికే మనుష్యులు కావలసియున్నారు.

ఇది నేటి సమస్య మాత్రమే కాదు. అచ్చుయంత్రము రాకముందు మన వాఙ్మయమంతయు తాటియాకులమీద నుండెను. ఘంటముతో వ్రాసి, అక్షరములలో మసి పూసి, కట్ట కట్టి అటకమీద దాచెడివారు. మన తీరమున గాలిలో తేమ హెచ్చు. చెదలకు కఱవు లేదు. ఎంత భద్రపఱచినను ఆకు ఏనాటికైనను శిథిలము కాక తప్పదు. అది పూర్తిగా పాడగుటకు ముందే ఎవరో యొకరు కూర్చుండి క్రొత్త ఆకులమీదికి ఎక్కించినచో గ్రంథము బ్రతికెను, లేనిచో పోయెను. కవి పేరు మనకు తెలియును. ఆ కావ్యమును తరతరమునకు మరల మరల వ్రాసి మనదాక చేర్చిన లేఖకుల పేళ్లు చాలవఱకు తెలియవు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి, చెల్లాచెదరైయున్న తాళపత్రములను సేకరింపించి, పాఠములు సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. అట్లు సమకూడిన గ్రంథములు చెన్నపట్టణమునకు చేరి, నేటికిని అచ్చటి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. ఆయన చేసినది ముఖ్యముగా నీరు పోయుపనియే. ఆ పని జరుగనిచో వేమన పద్యములలో నేడు మన నాలుకలమీద నున్నవి ఎన్ని యుండెడివో చెప్పజాలము.

ఇక ప్రజా గ్రంథాలయముల చరిత్రను కొంచెము స్మరింతము. మన యుత్తరాంధ్రము ఈ విషయమున వెనుకబడినది కాదు. 1886లోనే విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారను ఉపాధ్యాయులు సరస్వతీ నిలయమను పేర నొక గ్రంథాలయమును నెలకొల్పిరి. 1901లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మొదలగువారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. నైజాము రాజ్యమున తెలుగునకు రాజాదరణము లేని దినములవి. బడిలో లేని తెలుగు గ్రంథాలయములో బ్రతికెను. 1914లో బెజవాడలోని రామమోహన గ్రంథాలయమున అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. ఆ సంఘమువారి కృషి వలననే 1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిలభారత గ్రంథాలయ మహాసభ జరిగినది. ఏటేట దేశమంతట నవంబరు 14వ తేదీ మొదలుకొని గ్రంథాలయ వారోత్సవములు జరుగుటకు మూలము తెలుగువారు పూనుకొని జరిపించిన ఆ సభయే యని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఆ తరమువారు పుస్తకములు కొని తలుపు తెఱచి, చదువరులు రాలేదని కూర్చుండలేదు. రానివారికడకు తామే పోయిరి. గ్రంథాలయ యాత్రలని ఊరూర తిరిగిరి. 1935లో కృష్ణా డెల్టాలో పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు కాలువలో నడచు పడవమీద పుస్తకములు పెట్టి రేవు రేవునకును పంపిరి. కాలువయున్నచోట పడవ, కాలువలేని మన ఉద్దానమున ఏమి యనవలెనో మనము ఆలోచించుకొనవలెను.

1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనమును చూడుడు. దానికి 1929లో గాంధిమహాత్ముడు శంకుస్థాపన చేసెను. అదొక పెద్ద నగరము కాదు. నేతపని ప్రధానమైన యూరు. అయినను అచ్చటి పాతపత్రికల సంపుటములకొఱకు పరిశోధకులు దూరదేశములనుండియు వచ్చుచుందురు. ఆ దినములలో వెలసిన గ్రంథాలయములు వందలు. వానిలో పేరైనను మిగులనివి యెన్నియో! ఇది నిలిచి, అవి పోవుటకు కారణము శంకుస్థాపన చేసినవారి గొప్పతనము మాత్రమే కాదు. నిన్నటి పత్రికను చిత్తుకాగితముగా భావింపక, బైండు కట్టించి అఱలో పెట్టినవాడొకడు అచ్చట ప్రతితరమునను ఉండెను.

మన జిల్లాలోనే ఇంతకంటె దగ్గఱి దృష్టాంతములు రెండు కలవు. మొదటిది గిడుగు వేంకటరామమూర్తిగారిది. 1863లో ముఖలింగ సమీపమున పర్వతాలపేటలో జన్మించిన యాయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, ముఖలింగ దేవాలయముమీది శాసనములు ఎవరును నేర్పకయే పుస్తకములు తెప్పించుకొని స్వయముగా చదువ నేర్చిరి. కొండలలోని సవరల భాష నేర్చి, వారి పాటలును కథలును వ్రాసికొని, వారి పిల్లలకు వాచకములు రచించిరి, నిఘంటువు కూర్చిరి. ఆ వాచకములకు దొరతనమువారు ధనమీయబోగా, తాము పుచ్చుకొనక, దానిని సవరపిల్లల బడులకు వినియోగింపుడనిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరినప్పుడు ఆయన అన్నియేండ్లు నివసించిన ఆ పట్టణమును వదలి రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. జీవితమంతయు వ్యావహారికభాషకొఱకు పోరాడిన ఆ మహనీయులు గ్రాంథికమున సాగుచున్న మా యుపన్యాసమును విన్నచో ఏమందురో మేమూహింపగలము! కాని ఆయననుండి మనము గ్రహింపవలసినది వేఱొకటి కలదు. పుస్తకమున లేని మనుష్యుల మాటలను పుస్తకములోనికి తెచ్చుట కూడ గ్రంథాలయము చేయవలసిన పనియే.

రెండవది శ్రీకాకుళములోని కథానిలయము. కాళీపట్నము రామారావుగారు మురపాకలో 1924లో పుట్టి, బడిపంతులుగా జీవనము గడపిరి. ‘యజ్ఞంతో తొమ్మిది’ అను కథాసంపుటమునకు 1995లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. తమకు బహుమానములుగా వచ్చిన ధనమును ఇంటికి గాక కథలకు గూడు కట్టుటకు వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22వ తేదీన కథానిలయమును తెఱచిరి. తెలుగులో అచ్చయిన కథ ప్రతిదానిని, ఏ మూలపత్రికలో పడినను, వెదకి తెచ్చి అచ్చట చేర్చవలెనని వారి సంకల్పము. తూకమునకు పోవలసిన పాతపత్రికలు ఆ యింట కొలువుదీరినవి. 2021 జూను 4వ తేదీన ఆయన గతించిరి. అయినను కథానిలయము తలుపులు మూతపడలేదు. ఆ కథలు చిత్రప్రతులై నేడు ప్రపంచమున ఏ మూలనున్న తెలుగువానికైనను దొరకుచున్నవి. పింఛనుమీద బ్రతుకు ఒక ఉపాధ్యాయుడు చేయగలిగిన పనిని ఇన్నివందల కుటుంబములున్న మన సంఘము చేయలేదా? ఈ ప్రశ్నను మేము ఎవరిని ఎత్తిపొడుచుటకును వేయుటలేదు. మనకు మనము వేసికొనవలసిన ప్రశ్న యిది.

ఇప్పుడు ఉద్దానమువైపు చూతము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. తాతలునాటి కొబ్బరిచెట్లును, జీడితోటలును ఒక్కరాత్రిలో నేలకొఱగినవి. పెంకులు లేచిపోయిన యిండ్లలో దస్తావేజులు, బడిసర్టిఫికేట్లు, పాత ఫొటోలు, పెద్దలు వ్రాసికొన్న లెక్కపుస్తకములు తడిసి ముద్దలైనవి. చెట్టు పోయినచో మరల నాటవచ్చును. తాత చేవ్రాలు పోయినచో ఎచ్చటినుండి తెత్తుము? ఆ తుపానును గూర్చి మన యూళ్లవారు తమ నోటితో చెప్పిన వృత్తాంతమును వ్రాసిపెట్టిన పుస్తకము మన యూళ్లలో ఎందఱి కంటబడినది?

1940 మార్చిలో పలాసలో అఖిలభారత కిసాన్ మహాసభ జరిగినది. కొలదిదినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలో రైతులమీద జరిగిన కాల్పులలో గున్నమ్మ అసువులు బాసెను. ఆమె పేరు మనకందఱికి తెలియును. ఆ దినములను కన్నులార చూచినవారు నేడు ఎందఱు మిగిలిరి? వారి మాట వారితోనే పోవుచున్నది. బారువ రేవున ఓడలాగిన దినముల ముచ్చట్లు, మందస కోవెల కథలు, వలలు లాగునప్పటి పాటలు, మన ఆడవారి పెండ్లిపాటలు, మన తెలుగులో కలసిపోయిన ఒడియా మాటలు, ఇవన్నియు ఇంకను నోటిమీదనే యున్నవి. తాళపత్రములకు చెద యెట్టిదో వీనికి కాలము అట్టిది.

మూత్రపిండవ్యాధి మన గడపలలో ఎన్నింటిని దుఃఖపెట్టినదో ఈ సభలో మేము వర్ణింపనక్కఱలేదు. శాస్త్రజ్ఞులు ఎన్ని పరిశోధనలు చేసినను కారణమిదియని ఒక్కమాటగా తేల్చి చెప్పలేకున్నారు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. వైద్యము వైద్యులపని. కాని ఏ యూర ఏ బావినీరు ఎన్నడు త్రాగిరి, ఎన్నడు మానిరి, ఏ పైరునకు ఏ మందు ఎన్నడు చల్లనారంభించిరి అను ఊరి జ్ఞాపకమును తేదీలతో వ్రాసిపెట్టుట మనపని. ఆ వ్యాధిని గూర్చి సులభమైన తెలుగులో నున్న పుస్తకములను, ఆసుపత్రివారి ప్రకటనలను ఒక్కచోట పెట్టి, చదువురానివారికి చదివి వినిపించుట మనపని. అట్టి గ్రంథాలయమును వినోదస్థలమని ఎవరనగలరు?

ఇక ఆక్షేపణలకు వత్తము. పలాసలో జీడిపిక్కలు కొట్టి, పొట్టు తీసి, ఉదయమునుండి సాయంకాలమువఱకు శ్రమించు స్త్రీలకు పుస్తకము చదువు తీరిక ఎక్కడిదని కొందఱందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి క్యూబా దేశపు చుట్టల కార్మికులు ఒక జవాబు చెప్పియున్నారు. హవానా నగరమున 1865లో చుట్టలుచుట్టు కార్మికులు తమలో తాము చందా వేసికొని, చదువుటకొక మనిషిని పెట్టుకొనిరి. చేతులు పనిచేయుచుండగా చెవులు వార్తలును, నవలలును వినెడివి. ఆ యాచారము నేటికిని ఆ దేశమున నిలిచియున్నది. మనకిది వింత కాదు. రామమందిరమున నొకడు పురాణము చదువ నలువదిమంది వినుట మనకు తరతరములనుండి యున్నదే. జీడిపరిశ్రమల యజమానులు మన సంఘమున ఉన్నారు. దినమున కొక్క అరగంట చదువరిని రానిచ్చినచో వారి పప్పుకు వచ్చు నష్టమేమియు ఉండదని మా నమ్మకము.

చేతిలో ఫోను ఉండగా గ్రంథాలయమేలయని యువకులు అడుగుదురు. ఫోను గొప్పసాధనమే. కథానిలయపు కథలు చదువుటకును అదే సాధనము. కాని ఫోనులో మనకు దొరకునది ఎవరో యొకరు అందులో పెట్టినది మాత్రమే. ఉద్దానపు మాటలను అందులో ఎవరు పెట్టుదురు? మొదట ఒకరు వెదకవలెను, దాచవలెను, వరుసపఱచవలెను. మఱియు పోటీపరీక్షలకు చదువుకొను పిల్లలకు ఒక్కగదియింటిలో, దూరదర్శనపు శబ్దములో చోటెక్కడ? వారికి కావలసినది పుస్తకముకంటె ముందుగా ఒక బల్ల, ఒక దీపము, కొంత నిశ్శబ్దము. సాయంకాలము శాఖా గ్రంథాలయమునకు పోయి చూచినచో ఆ బల్లల విలువ తెలియును.

ఇంకొక్క విషయము. దీనిని చెప్పుటకు మాకు కొంచెము ధైర్యము కావలసియున్నది. సంఘధనముతో పెట్టు గ్రంథాలయము సంఘీయులకు మాత్రమేనా యని కొందఱు ముందుగానే మమ్మడిగిరి. మేము సవినయముగా చెప్పునదేమనగా, కాదు. సంఘము పేరు గోడమీద ఉండవచ్చును, గుమ్మముకడ ఉండరాదు. చెఱువు త్రవ్వించినవాని పేరు శిలమీద చెక్కుదురు. నీరు మాత్రము ఊరందఱిది. పుస్తకము ఒకడు చదివినంత మాత్రమున తఱిగిపోదు. ఇతరులు వచ్చి చదివినచో మన పిల్లలకు పోటీ హెచ్చునని భయపడువారున్నారు. ఆ పోటీయే మన పిల్లలను మేల్కొలుపును. ఒకనాడు మన తాతలు బడివాకిటి బయట నిలుచుండి పాఠము విన్నారని ఇదే వేదికమీద ఎన్నిమాఱులో చెప్పుకొంటిమి. అట్టి మనము మఱియొకని పిల్లవానిని బయట నిలిపినచో ఆ తాతల కథ చెప్పుకొను అర్హత మనకుండునా?

ధనమును గూర్చియు రెండు మాటలు. మద్రాసు రాష్ట్రమున 1948లో గ్రంథాలయ చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1960లో వచ్చినది. ఆ చట్టము ననుసరించి మనము కట్టు ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్నును గూడ కట్టుచున్నాము. కనుక టెక్కలి, పలాస మొదలగు చోట్లనున్న శాఖా గ్రంథాలయములు ఎవరి దయాధర్మమును కావు. మన సొమ్ముతో నడచునవి. వానిని మనము ఉపయోగించుకొనవలెను. క్రొత్తపుస్తకములు రానిచో అడుగవలెను. వేళకు తలుపు తీయనిచో అడుగవలెను. అడుగువారు లేనిచోట ఏ సంస్థయు చక్కగా నడవదు. సంఘగ్రంథాలయము ప్రభుత్వగ్రంథాలయమునకు పోటీ కాదు. అది లేని పల్లెకు తోడు.

తుదకు మా ప్రార్థనలు. షియాళి రామామృత రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో చివరిది, గ్రంథాలయము జీవమున్న ప్రాణివలె పెరుగునది యని బోధించును. పెరుగుదానికి ఏటేట మేత కావలెను. కనుక ఒక్కమాఱు పెద్దమొత్తము పోగుచేసి భవనము కట్టుటకంటె, ప్రతి కుటుంబమును తన తోటలో ఒక్క కొబ్బరిచెట్టునో, ఒక్క జీడిచెట్టునో గ్రంథాలయపు చెట్టుగా ఏర్పఱచి, దాని ఫలసాయమును ఏటేట ఈయవలెనని కోరుచున్నాము. తోటలేనివారు ఏటికొక పుస్తకమీయవచ్చును. పుస్తకమును లేనివారు వారమునకొక గంట తాళపుచెవి పుచ్చుకొని కూర్చుండవచ్చును. ఈ మూడవదానమే అన్నింటికంటె పెద్దదని మా యభిప్రాయము. ఏలయనగా పుస్తకములుండియు తాళము తీయువాడు లేక మూతబడిన బీరువాలు మన యూళ్లలో ఉన్నవి.

మొదటి సంవత్సరము పల్లెకొక గది చాలును. రామమందిరపు అరుగైనను చాలును. జీడిపనికి పోవు స్త్రీలకు అనుకూలముగా సాయంకాలము తెఱచియుంచవలెను. ఇచ్చినపుస్తకము, తీసికొన్నవారి పేరు, తేదీ వ్రాయు పట్టీ ఒకటి ఉండవలెను. ఒక అఱను మాత్రము ఉద్దానమునకే కేటాయింపవలెను. అందు మన పెద్దలు చెప్పిన మాటలు వ్రాసినవి, పాత ఉత్తరముల నకళ్లు, ఊరి చిత్రములు, మన సంఘ సంచికలు ఉండవలెను. నేడు మీ చేతిలోనున్న ఈ సంచికయు ఏబదియేండ్లకు దొరకని వస్తువగును. ఇంటికి పోయినపిమ్మట దీనిని పొట్లములకు వాడక, ఒక్కప్రతినైనను ఆ అఱకు పంపుడు.

సోదరులారా! తిత్లీలో పడిన చెట్లచోట మీరు నాటిన మొక్కలు నేడు కాపునకు వచ్చుచున్నవి. ఆ యేండ్లన్నియు కాయలేని చెట్టునకు నీరు పోసినది మీరే. అట్టి ఓర్పు గలవారికి గ్రంథాలయమును నిలుపుట అసాధ్యమని మేము నమ్మజాలము. రేపటి తీర్మానముల సభలో ఈ విషయము మీ యెదుటికి వచ్చును. చప్పట్లతో గాక, ఎవరు ఏ చెట్టునిత్తురో, ఎవరు ఏ వారము తాళము తీయుదురో పేళ్లు వ్రాయించి దానిని నెగ్గింపవలెనని వేడుకొనుచున్నాము.